నలభై తరాల వెనుక చక్రవర్తి: వంశవృక్షం లెక్కల్లో అపోహలు – వాస్తవాలు

జన్యుశాస్త్రం చెప్పేటప్పుడు వంశవృక్షం పాఠం రాగానే తరగతిలో చేతులు లేస్తాయి. యూరప్ రాజవంశాల వివరాలు తరతరాలుగా రాసిపెట్టి ఉన్నాయి కాబట్టి నా ఉదాహరణలు అక్కడివే. వంశవృక్షంలో గడి (అమ్మ, నాన్న, తాత అంటూ ఒక్కో పూర్వీకుడికి కేటాయించే స్థానం) వేరు, ఆ గడిలోని మనిషి వేరు, ఆ మనిషి నుంచి మనకు దిగిన డీఎన్ఏ వేరు. ఈ మూడింటినీ ఒకటిగా చూడటం వల్లే చిక్కులు వస్తున్నాయి.

అపోహ: షార్లమేన్ చక్రవర్తి సంతతి కావడం అరుదైన ఘనత.

వాస్తవం: పశ్చిమ యూరప్‌లో చాలా భాగాన్ని ఏలిన ఆయన 814లో మరణించారు. తరానికి 30 ఏళ్ల చొప్పున ఇప్పటికి 40 తరాలు. తరం తరానికీ గడులు రెట్టింపవుతాయి గనుక, 40వ తరంలో ఒక్కొక్కరికి లక్షా తొమ్మిది వేల కోట్లకు పైగా గడులు ఉంటాయి. అప్పటి యూరప్ జనాభా కొన్ని కోట్లే! అంటే ఒకే మనిషి వేల గడుల్లో మళ్లీ మళ్లీ కనిపించక తప్పదు. గణాంకవేత్త జోసెఫ్ చాంగ్ 1999లో దీన్ని సూత్రబద్ధం చేశారు. పది లక్షల జనాభాలో పెళ్లిళ్లకు ఏ హద్దులూ లేవనుకుంటే, సుమారు 35 తరాల నాటి మనుషుల్లో దాదాపు 80 శాతం మంది నేటి అందరికీ పూర్వీకులే. మిగతావారి సంతతి పూర్తిగా అంతరించి ఉంటుంది. కొందరికే పూర్వీకుడైనవాడు ఆ తరంలో ఉండడు. నిజజీవితంలో పెళ్లిళ్లు ఊరూ వర్గమూ చూసుకునే జరుగుతాయి, అందుకని ఇంకొన్ని తరాలు పడతాయి. అయినా యూరప్ మూలాలున్న ఎవరికైనా షార్లమేన్ తాతే అనుకోవడం సబబు. అన్ని తరాలనూ పేరుపేరునా చూపే పత్రాలు మాత్రం కొద్దిమంది దగ్గరే ఉంటాయి. వాటిని భద్రపరచిన కుటుంబాలంటే నాకు ఎంతో గౌరవం.

అపోహ: పదో తరం పూర్వీకుడి రక్తం నాలో సరిగ్గా 1,024వ వంతు.

వాస్తవం: అది సగటు మాత్రమే. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం అన్న లెక్క తాతల దగ్గరికి వచ్చేసరికే జారిపోతుంది. నాన్న ఇచ్చిన 50 శాతంలో తాతది 28, నాయనమ్మది 22 కావచ్చు. డీఎన్ఏ పాలూ నీళ్లలా కలిసిపోదు, ముక్కలుగా దిగుతుంది. ఒక్కో తరంలో అది తెగి అతుక్కునే చోట్లు కొన్ని పదులే. అందుకే పదో తరానికి గడులు 1,024 అయితే, మనలోని ముక్కలు ఆరు వందల చిల్లరే. ఆ పూర్వీకుల్లో దాదాపు సగం మంది నుంచి మనకు ఒక్క ముక్క కూడా రాలేదు.

అపోహ: నేను సరిగ్గా మూడో వంతు ఫలానా జాతి.

వాస్తవం: గడుల లెక్కలో భిన్నం హారం ఎప్పుడూ 2, 4, 8, 16 వరుసలోనే ఉంటుంది. 5/16, 11/32, 21/64 అంటూ మూడో వంతుకు దగ్గరవుతారే తప్ప అందుకోలేరు.

అపోహ: రాచకుటుంబంలోనే పెళ్లి చేసుకుంటే వంశం బలపడుతుంది.

వాస్తవం: స్పెయిన్ రాజు రెండవ చార్లెస్ (1661–1700) తండ్రి, తల్లికి స్వయానా మేనమామ. మేనరికాలు ఎరిగిన మనకు ఈ వరస కొత్తది కాదు. అలాంటి ఒక్క పెళ్లి వల్ల బిడ్డకు ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి ఒకే ప్రతి నుంచి వచ్చే అవకాశం 0.125. చార్లెస్ విషయంలో మాత్రం 2009లో పరిశోధకులు లెక్కగడితే 0.254 తేలింది. తోడబుట్టినవారికి పుట్టిన బిడ్డకు ఉండే 0.25 కన్నా ఎక్కువ! అంతకుముందు తరాల్లోనూ దగ్గరి పెళ్లిళ్లే జరగడం దీనికి కారణం. ఆయన సంతానం లేకుండా పోయారు. స్పెయిన్‌లో ఆయన వంశమైన హాబ్స్‌బర్గ్‌ల పాలన అక్కడితో ఆగింది.

అపోహ: ఎన్ని గడులో అంతమంది పూర్వీకులు.

వాస్తవం: కాగితం తీసుకుని మీ సంఖ్య 1 అని రాయండి. ఎవరి సంఖ్యనైనా రెట్టింపు చేస్తే తండ్రి, దానికి ఒకటి కలిపితే తల్లి. ఇప్పుడు స్పెయిన్ రాజు 12వ అల్ఫోన్సోకు ఇలాగే రాసి చూడండి. రికార్డుల ప్రకారం ఆయన తల్లిదండ్రుల తండ్రులు అన్నదమ్ములు, తల్లులు అక్కచెల్లెళ్లు. మన వరసల్లో వారిద్దరూ అన్నాచెల్లెళ్లే. అందుకే 8, 12 గడుల్లో ఆ అన్నదమ్ముల తండ్రి నాలుగవ చార్లెస్, 9, 13లో ఆయన భార్య, 10, 14లో ఆ అక్కచెల్లెళ్ల తండ్రి మొదటి ఫ్రాన్సిస్, 11, 15లో ఆయన భార్య మరియా ఇసబెల్లా కనిపిస్తారు. గడులు ఎనిమిది, మనుషులు నలుగురు. పైగా ఆ మరియా ఇసబెల్లా, 8, 9 గడుల్లోని దంపతుల కూతురే.