పావు సెకనులో ఐదు మీటర్ల గొలుసు

2018 అక్టోబర్ 11న తెల్లవారకముందే తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. వెలుతురు వచ్చాక బయటికొచ్చి చూస్తే ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడిమామిడి చెట్లు ఎక్కడివక్కడ పడుకుని ఉన్నాయి. ఊళ్లోకి అంబులెన్స్ రావాలన్నా, తాగునీళ్ల ట్యాంకర్ రావాలన్నా ముందు దారిలో పడ్డ చెట్లను కోయాలి. ఆ తర్వాత చాలా రోజులు మా వైపు పొద్దున్న లేచింది మొదలు వినపడిన చప్పుడు ఒక్కటే, పెట్రోల్ రంపాలది.

మా పెదనాన్న కూడా ఒక రంపం పట్టుకుని దిగాడు. లుంగీ ఎగగట్టి, కాళ్లకు హవాయి చెప్పులు వేసుకుని, తలకో తువ్వాలు చుట్టుకున్నాడు. రంపం పాతది. ముందు పిడికి ఎదురుగా ఉండే ప్లాస్టిక్ రేకు ఎప్పుడో విరిగిపోయింది. "పెదనాన్నా, కాస్త జాగ్రత్త" అంటే, "ముప్పై ఏళ్లుగా చెట్లు కొడుతున్నాను రా, నాకు చెప్తావేంటి" అన్నాడు. నిజమే, ఆయనకున్న అనుభవం ఊళ్లో ఎవరికీ లేదు. మధ్యాహ్నం ఓ జీడిచెట్టు కొమ్మల మధ్య కోస్తుండగా రంపం కొన ఆకుల వెనకున్న మోడుకు తగిలింది. రంపం ఎగిరి ఆయన భుజం పక్కనుంచి పోయింది. పట్టు తప్పి, ఇంకా తిరుగుతూనే కిందికి దిగుతూ ఎడమ తొడను గీసేసింది. కుట్లు పడ్డాయి, నెలన్నర మంచం మీద ఉన్నాడు. మంచం పక్కన కూర్చుంటే ఆయన పదే పదే చెప్పిన మాట ఒక్కటే: "చూస్తూనే ఉన్నాను రా. చెయ్యి మాత్రం కదల్లేదు."

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. తర్వాత లెక్క వేసి చూస్తే అర్థమైంది. ఆయన చెయ్యి కదలకపోవడం ఆయన తప్పు కాదు, ఎవరి చెయ్యీ కదలదు. కళ్లు చూసింది మెదడుకు చేరి, మెదడు చెప్పింది కండరానికి అందడానికి మనిషికి దాదాపు పావు సెకను పడుతుంది. చురుకైన కుర్రాడికైనా 0.2 సెకనుకు అటూ ఇటూ. ఈ రంపాల్లో బారు అనే పొడవాటి ఇనుప పట్టీ చుట్టూ పళ్లున్న గొలుసు తిరుగుతుంది. మామూలు రంపంలో దాని వేగం సెకనుకు 20 మీటర్లు, అంటే గంటకు 72 కిలోమీటర్లు. మనం ఉలిక్కిపడే ఆ పావు సెకనులో ఐదు మీటర్ల గొలుసు, నూటికి పైగా పళ్లు ఒకే చోట నుంచి వెళ్లిపోతాయి. ఆ పళ్ల ముందు మనిషి తొడ ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. రంపం దగ్గర జాగ్రత్త ఎంత అవసరమైనా, ప్రమాదం మొదలైన క్షణంలో జాగ్రత్తకు పని చేసే టైమ్ ఉండదు. ఆ టైమ్‌లో పని చేయగలిగేవి మనం ముందే ఒంటికి తొడుక్కున్నవీ, మిషన్‌లో ముందే అమర్చినవీ మాత్రమే.

రంపం అసలు ఎందుకు ఎగదన్నుతుంది? ఇది తెలియాలంటే ఒక్క పన్నును దగ్గరగా చూడాలి. ఇప్పటి గొలుసు పన్ను చేతి రంపం పన్నులా సూదిగా ఉండదు, గోరులా వంగి ఉంటుంది. 1946లో అమెరికాలోని ఓరెగన్ రాష్ట్రంలో జోసెఫ్ బుఫోర్డ్ కాక్స్ అనే కలప కార్మికుడు, ఒక మొద్దును తొలుస్తున్న పురుగును గమనించాడు. దాని దవడలు ఎడమకూ కుడికీ మారుతూ చెక్కను అవలీలగా చెక్కేస్తున్నాయి. అదే పద్ధతిలో ఒక పన్ను ఎడమకు, ఒక పన్ను కుడికి వంగేలా ఆయన గొలుసు తయారుచేశాడు. నేటి రంపాలన్నిట్లో ఉన్నది దాదాపు ఆ రూపమే. ప్రతి పన్నుకూ ముందు చిన్న బుడిపె ఒకటి ఉంటుంది. పన్ను ఒక్కో దెబ్బకు ఎంత మందం చెక్కాలో నిర్ణయించేది ఆ బుడిపే. దాన్ని కాపలావాడు అనుకోండి. బారు మీద గొలుసు తిన్నగా పోతున్నంతసేపూ కాపలా సరిగ్గానే సాగుతుంది. బారు కొన దగ్గర గొలుసు గుండ్రంగా వంపు తిరుగుతుంది కదా, అక్కడ బుడిపె కిందికి వాలిపోతుంది, పన్ను మరీ బయటికి పొడుచుకొస్తుంది. అప్పుడు అది కోయగలిగినదానికన్నా ఎక్కువ చెక్కను కరిచి ఇరుక్కుంటుంది. గొలుసు ముందుకు పోలేదు, ఇంజిన్ మాత్రం తోస్తూనే ఉంటుంది. ఆ బలం ఎటో ఒకవైపు పోవాలి కాబట్టి బారు మొత్తాన్ని పైకి, వెనక్కి, పట్టుకున్న మనిషి ముఖం వైపు తిప్పేస్తుంది.

అందుకే బారు కొనలో పైసగం అన్నిటికన్నా ప్రమాదకరమైన చోటు. పెదనాన్న రంపం మోడును తాకింది సరిగ్గా అక్కడే. ఇంకో మాట. ఆకురాయితో పళ్లకు పదును పెట్టేటప్పుడు, తొందరగా కోస్తుందని ఆ బుడిపెను కూడా బాగా అరగదీసేవాళ్లు ఉన్నారు. కోత వేగం పెరుగుతుంది, నిజమే. ఎగదన్నడం కూడా పెరుగుతుంది. కంపెనీ చెప్పిన కొలత దాటి ఆ బుడిపెను అరగదీయకండి.

పెదనాన్న రంపానికి విరిగిపోయిన ఆ ప్లాస్టిక్ రేకు చేతికి దుమ్ము తగలకుండా పెట్టింది కాదు. అది బ్రేకు మీట. రంపం ఎగదన్నితే మణికట్టు ఆ రేకును ముందుకు తోస్తుంది. చాలా రంపాల్లో చెయ్యి తగలకపోయినా ఆ కుదుపుకే మీట పడిపోతుంది. లోపల ఒక ఉక్కుపట్టీ, గొలుసును తిప్పే క్లచ్ డ్రమ్మును బిగించి పట్టుకుంటుంది. గొలుసు సగటున 0.12 సెకనులో ఆగాలని ప్రమాణాలు చెబుతున్నాయి. అంటే మన మెదడుకు కబురు చేరే లోపు బ్రేకు పని అయిపోతుంది. రేకు విరిగిన రంపం ఎంత బాగా కోసినా, అది పక్కన పెట్టాల్సిన రంపమే. పొద్దున్నే పని మొదలుపెట్టే ముందు ఆ బ్రేకు పడుతోందో లేదో ఒకసారి చూసుకోవడానికి పది సెకన్లు చాలు.

ఇక బట్టల సంగతి. ఈ విషయంలో నాకు అన్నిటికన్నా నచ్చింది రంపం పనివాళ్ల ప్యాంటు. మామూలుగా చూస్తే దళసరి ప్యాంటులా ఉంటుంది. అందులో ఇనుప రేకు ఏదో ఉంటుందని చాలామంది అనుకుంటారు. అలాంటిదేం ఉండదు. పైన ఒక గట్టి గుడ్డ, దాని కింద పొరలు పొరలుగా పొడవాటి పోగులు, అంతే. ఆ పోగులను బిగించి నేయరు, కావాలనే వదులుగా పరుస్తారు. బైక్ మీద వెనక కూర్చున్న అమ్మాయి చున్నీ చక్రంలో పడితే ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. చక్రం చున్నీని తనలోకి లాక్కుని, చుట్టుకుని, బిగుసుకుపోతుంది. రంపం ప్యాంటు చేసేది ఆ పనే, కాకపోతే ఇక్కడ అది మనిషిని కాపాడటానికి. గొలుసు పైగుడ్డను చీల్చగానే పళ్లకు పోగులు తగులుకుంటాయి. గట్టిగా బిగిసి ఉంటే పన్ను వాటిని తెంపేసేదే. వదులుగా ఉండటం వల్ల అవి పన్నుతోపాటు మూరలకొద్దీ బయటికొచ్చి, గొలుసును తిప్పే పళ్ల చక్రంలోకి పోయి ఉండలా కూరుకుపోతాయి. చక్రం బిగుసుకుంటుంది, గొలుసు ఆగుతుంది. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది.

జీన్స్ ప్యాంటు ఎంత మందంగా ఉన్నా ఈ పని ఎందుకు చేయలేదో ఇప్పుడు తెలిసింది కదా. దాని పోగులు బిగుతుగా అల్లినవి, లాగితే రావు, పన్ను తెంపుకుంటూ పోతుంది. ఇక లుంగీ అయితే, విడిగా వేలాడే అంచు గొలుసుకు చిక్కి కాలినే రంపం వైపు లాగుతుంది.

రక్షణ ప్యాంట్లలో కొన్నిటికి పాలియెస్టర్ పోగులు, కొన్నిటికి కెవ్లార్ జాతికి చెందిన చాలా గట్టి కృత్రిమ పోగులు వాడతారు. కెవ్లార్‌కు దారితీసిన పాలిమర్‌ను 1965లో డ్యూపాంట్ కంపెనీలో స్టెఫనీ క్వోలెక్ అనే శాస్త్రవేత్త కనుక్కున్నారు. పోగు ఏదైనా అది కదలగలగాలి, అక్కడే ఉంది అంతా. ప్యాంటుకు చిరుగు పడితే మన అలవాటు ప్రకారం టైలర్ దగ్గరికి తీసుకెళ్తాం. ఆయన పైనుంచి కిందికి గట్టిగా నాలుగు కుట్లు వేస్తాడు. ఆ కుట్లు లోపలి పోగులను ఎక్కడికక్కడ బంధించేస్తాయి. బయటికి చక్కగా కనిపిస్తుంది, లోపల రక్షణ పోయినట్టే. పైగుడ్డకు మాత్రమే, లోపలి పొరలకు సూది తగలకుండా అతుకు వేయించాలి. గొలుసు ఒకసారి లోపలి పోగుల దాకా వెళ్లిందంటే ఆ ప్యాంటు పని అయిపోయింది, ఇక వాడకూడదు. పెట్రోలు, ఆయిలు పట్టి ముద్దకట్టిన పోగులూ సరిగ్గా జారవు. ఉతకాలి, ఇస్త్రీ మాత్రం చేయకూడదు.

ఈ బట్టల మీద రంపం బొమ్మతో చిన్న ముద్ర ఉంటుంది, పక్కనే తరగతి అంకె. ఒకటో తరగతి అంటే సెకనుకు 20 మీటర్ల గొలుసు వేగం దగ్గర పరీక్షించినది, రెండు 24, మూడు 28. ఆ ముద్ర లేనిదాన్ని రంగు చూసి, మందం చూసి కొనొద్దు. ముద్ర ఉన్నదీ అన్నివేళలా కాపాడుతుందని అనుకోవద్దు. ముఖ్యంగా కరెంటు, బ్యాటరీ రంపాలు వాడేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. పెట్రోల్ ఇంజిన్‌కు వేగం పడిపోతే బలం కూడా పడిపోతుంది. కరెంటు మోటారు నెమ్మదించినా తిప్పే బలం వదలదు, పోగులు దాన్ని ఆపుతాయన్న భరోసా తక్కువ.

దెబ్బలు ఎక్కువగా తగిలేది కాళ్లకు, అందులోనూ ఎడమ కాలికి, ఆ తర్వాత ఎడమ చేతికి. కుడి చెయ్యి వెనక పిడి మీద, ఎడమ చెయ్యి ముందు పిడి మీద, ఎడమ కాలు ఒక అడుగు ముందుకు, నిలబడే తీరే అది. అందుకే రంపం గ్లవుజుల్లో కొన్నిటికి ఎడమ చేతి వెనక భాగంలోనే పోగుల పొర పెడతారు. కాళ్లకు ఉక్కు ముందుభాగం ఉన్న బూట్లు వేసుకోవాలి.

తుఫాను తర్వాత పని ఇంకా కష్టం. నిలబడ్డ చెట్టును నరకడం ఒక ఎత్తు, పడిపోయిన చెట్టును కోయడం ఇంకో ఎత్తు. పడ్డ చెట్టు లోపల టెన్షన్ ఉంటుంది, మాట వరసకు కాదు, అక్షరాలా. రెండు చివర్లా ఆనుకుని మధ్యలో గాల్లో ఉన్న మానును ఊహించుకోండి. దాని పైభాగం నొక్కుకుని ఉంటుంది, అడుగుభాగం సాగి ఉంటుంది. పైనుంచి కోస్తూ పోతే గాటు మూసుకుపోయి బారును పట్టేస్తుంది. ముందు పైన కొద్దిగా గాటు పెట్టి, తర్వాత కిందినుంచి కోయాలి. ఒక చివరే ఆనుకుని రెండోది గాల్లో ఉంటే ఇదంతా తిరగబడుతుంది. విల్లులా వంగి మరో చెట్టు కింద ఇరుక్కున్న చిన్న కొమ్మలు ఇంకా మోసం చేస్తాయి, ఒక్కసారి తెగితే మొహం మీదికొచ్చి కొడతాయి. వేళ్లతో సహా లేచిన చెట్టు మాను కోసేస్తే, బరువు తగ్గిన వేరు గడ్డ తిరిగి గుంటలోకి పడిపోవచ్చు. ఆ గుంటలో పిల్లలు ఆడుకుంటున్నారేమో ముందు చూసుకోవాలి. తుఫాను మర్నాడు పిల్లలకు అదే ఆట స్థలం.

తలమీద హెల్మెట్ గొలుసును ఆపడానికి కాదు. పై కొమ్మల్లో విరిగి చిక్కుకుని, రంపం అదురుకు ఊడిపడే కొమ్మల కోసం. దానికుండే జాలీ ముసుగు కళ్లను పెచ్చుల నుంచి కాపాడుతుంది, సన్నటి పొట్టును ఆపలేదు, అందుకే లోపల కళ్లద్దాలు కూడా పెట్టుకుంటే మంచిది.

చెవుల గురించి మాత్రం ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే అక్కడ రక్తం రాదు. పెట్రోల్ రంపం మోత పట్టుకున్నవాళ్ల చెవి దగ్గర 100 డెసిబెల్స్ దాటుతుంది, కొన్నిటిది 110 దాకా పోతుంది. అమెరికాలో వృత్తి ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ లెక్క ప్రకారం, 85 డెసిబెల్స్ మోతను రోజుకు 8 గంటలు భరించవచ్చు, ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర 15 నిమిషాలు, 109 దగ్గర రెండు నిమిషాలు కూడా లేదు. చెవి లోపలి సన్నటి రోమ కణాలు ఒకసారి చనిపోతే మళ్లీ పుట్టవు. మంచి ఇయర్ మఫ్‌లు సరిగ్గా అమర్చుకుంటే ఆ మోతను 20 డెసిబెల్స్‌కు పైగా తగ్గించగలవు. తలకు చుట్టిన తువ్వాలు ఆ పని చేయదు. పాటల కోసం పెట్టుకునే ఇయర్‌ఫోన్లు ఆ పనికి చేసినవి కావు, మోతకు మించి వినపడాలని సౌండ్ పెంచితే ఇంకా చెరుపు.

వేళ్లకు జరిగేది ఇంకా నెమ్మది. ఏళ్ల తరబడి అదురు పట్టిన చేతుల్లో సన్నటి రక్తనాళాలు చలి తగిలితే బిగుసుకుపోతాయి, వేళ్లు సుద్దముక్కల్లా తెల్లబడతాయి. 1918లోనే అమెరికాలోని ఇండియానాలో రాళ్లు చెక్కే కార్మికుల చేతుల్లో ఈ జబ్బును డాక్టర్ ఆలిస్ హామిల్టన్ పరిశీలించి రాశారు. తర్వాత రంపం పనివాళ్లలోనూ కనపడింది. ఫిన్లాండ్‌లో ఒక ప్రాంతపు అటవీ కార్మికులను ఏళ్ల తరబడి పరీక్షిస్తూ వస్తే, 1972లో 40 శాతం మందికి ఉన్న ఈ జబ్బు 1990కి 5 శాతానికి తగ్గింది. రంపాలు తేలికయ్యాయి, పిడులకూ ఇంజిన్‌కూ మధ్య అదురును మింగే స్ప్రింగులు, రబ్బర్లు వచ్చాయి. మన వేడి ప్రాంతంలో వేళ్లు తెల్లబడటం అంతగా కనపడదు. తిమ్మిరి, రాత్రిళ్లు జివ్వుమని లాగడం, చొక్కా గుండీ పెట్టుకోలేకపోవడం మాత్రం మనకూ వస్తాయి, వాటిని వయసు మీద తోసేస్తాం. రబ్బర్లు అరిగిపోయిన రంపాన్ని మార్చకుండా వాడటం వాటిని చేతులారా పిలవడమే.

ఇదంతా విన్నాక పెదనాన్న అడిగింది ఒకటే: "ఈ ఎండల్లో అదెక్కడ వేసుకోమంటావురా?" కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదు. ఈ బట్టల్లో చాలావరకు చలి దేశాల కోసం కుట్టినవే. మే నెలలో శ్రీకాకుళంలో అవి తొడుక్కుంటే చెమటతో ఒళ్లు నీరసిస్తుంది, నీరసించిన చేతిలో రంపం ఇంకా ప్రమాదం. పూర్తి ప్యాంటు బదులు కాళ్ల ముందువైపు మాత్రమే కప్పి, వెనక పట్టీలతో బిగించుకునే చాప్స్ కొన్నాం. వెనక గాలి ఆడుతుంది. పట్టీలు వదులుగా ఉంటే గొలుసు తగిలినప్పుడు చాప్స్ మొత్తం పక్కకు తిరిగిపోయి కాలు బయటపడుతుంది, అందుకని వాటిని నేనే బిగించి చూపించాను. పని వేళలు కూడా మారాయి. ఇప్పుడు ఆయన వెలుతురు రాగానే మొదలుపెట్టి తొమ్మిదికల్లా రంపం ఆపేస్తాడు. ప్రతి ట్యాంకు పెట్రోలుకూ ఒకసారి చాప్స్ విప్పి, చెట్టు కింద కూర్చుని, ఉప్పు వేసిన మజ్జిగ తాగుతాడు. పక్కన కేకేస్తే వినపడేంత దూరంలో మా తమ్ముడు ఉంటాడు, జేబులో గట్టిగా చుట్టిన కట్టుగుడ్డతో.