"తప్పు కార్మికుడిదే" అంటే ఏమీ రాదా? అపోహలు - వాస్తవాలు

మొన్న ఒకావిడ ఫోన్ చేశారు. పవర్ ప్రెస్‌లో (రేకును నొక్కి ఆకారమిచ్చే మెషిన్) పడి భర్త రెండు వేళ్లు పోయాయి. "ఆయనే చెయ్యి పెట్టాడంట సార్. తప్పు మాదే కాబట్టి ఏమీ రాదంటున్నారు. నిజమేనా?" సేఫ్టీ ఆఫీసర్‌గా ఈ ప్రశ్న వినకుండా నాకు ఏ ఏడాదీ గడవలేదు.

అపోహ: తప్పు కార్మికుడిదైతే పరిహారం రాదు.

ఎవరు పుట్టించారో గానీ, ఇది కుటుంబాలను ముంచుతున్న మాట. ఇఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) ఉన్నవాళ్లకు పనిలో దెబ్బ తగిలి ఇంట్లో ఉండాల్సి వస్తే జీతంలో 90 శాతం లెక్కన డబ్బు వస్తుంది. చేరిన మొదటి రోజే దెబ్బ తగిలినా సరే. వేళ్లు పోతే, సంపాదించే శక్తి ఎంత తగ్గిందో మెడికల్ బోర్డు తేలుస్తుంది, దాన్ని బట్టి శాశ్వత వైకల్య భృతి ఇస్తారు. ఇఎస్ఐ లేనివాళ్ల కోసం 1923లోనే పరిహార చట్టం వచ్చింది, 2025 నవంబరులో దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. తాగి ఉండటం, కావాలని నిబంధన మీరడం, కావాలని మెషిన్ గార్డు (రక్షణ కవచం) తీసేయడం: ఇలాంటివాటికే అందులో మినహాయింపు. మనిషి చనిపోతే ఆ మినహాయింపు కూడా చెల్లదు. ఏమరపాటు వేరు, కావాలని చేయడం వేరు.

భయపడి ఉన్న మనిషితో "బండి మీద నుంచి పడ్డానని చెప్పు, ఖర్చులు మేం చూసుకుంటాం" అనేవాళ్లుంటారు. దయచేసి ఒప్పుకోకండి. ఆసుపత్రి కాగితంలో ఒకసారి అలా పడితే, తర్వాత చెప్పులరిగేలా తిరగాలి.

అపోహ: నూటికి 88 ప్రమాదాలు కార్మికుల వల్లే.

ట్రైనింగుల్లో ఇప్పటికీ ఈ అంకె చూపిస్తున్నారు. 1931లో అమెరికాలో ఒక బీమా కంపెనీ అధికారి హైన్రిచ్ రాసిన లెక్క ఇది. ఆయన చూసిన 75,000 కేసులూ బీమా ఫైళ్ల నుంచి, ఫ్యాక్టరీ యజమానుల రికార్డుల నుంచి తీసినవి. దెబ్బ తిన్నవాడి మాట వాటిలో ఎంత ఉంటుంది? మనిషి తప్పనుకున్నది మెషిన్ తప్పని తేలిన ఉదాహరణ ఒకటి: రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా పైలట్లు విమానాన్ని నేలకు దించాక ఫ్లాప్స్ (రెక్కల వెనక ఉండే కదిలే పలకలు) అనుకుని చక్రాలు మడిచేసేవారు. పైలట్ తప్పే అన్నారు. చపానిస్ అనే సైకాలజిస్టు వెళ్లి చూస్తే రెండు స్విచ్చులూ పక్కపక్కనే, ఒకేలా ఉన్నాయి. చక్రాలదానికి చక్రం ఆకారంలో పిడి పెట్టించాడు. ఆ పొరపాట్లు ఆగిపోయాయి.

కొత్తలో నేనూ రిపోర్టులో కారణం దగ్గర "నిర్లక్ష్యం" అని రాసేవాణ్ని. ఒకే ప్రెస్‌ మీద మూడో మనిషికి దెబ్బ తగిలాక ఒక నైట్ షిఫ్టు అక్కడే నిలబడ్డాను. రేకు ముక్క డైలో (అచ్చులో) ఇరుక్కుంటోంది. తీయడానికి పట్టకారు లేదు. మెషిన్ ఆపితే టార్గెట్ తగ్గుతుంది. ఆ రాత్రి పదకొండుసార్లు చెయ్యి లోపలికి వెళ్లింది. ఆ మూడు రిపోర్టులు ఇప్పటికీ నన్ను బాధపెడతాయి.

మిగతావి: హెల్మెట్ ఉంటే చాలనేది అబద్ధం, చేతులకు హెల్మెట్ ఉండదు. మార్చి 4న, జాతీయ భద్రతా దినం నాడు, పోస్టర్లు, స్లోగన్లు మంచివే, గార్డు బిగించాక.

దెబ్బ తగిలితే ఆ రోజే ప్రమాదాల రిజిస్టర్‌లో రాయించండి, ఫొటో తీసుకోండి, డాక్టరుకు జరిగింది జరిగినట్టు చెప్పండి. కాంట్రాక్టు కార్మికులైనా ఇంతే. ఫోన్ చేసినావిడ దగ్గర భర్త ఇఎస్ఐ నంబరు ఉంది. సోమవారం ఇద్దరం బ్రాంచి ఆఫీసుకు వెళ్తున్నాం.