మీ స్కూల్‌కి సి వచ్చిందంటగా

చిన్నూ, అమ్ములూ,

మొన్న ఫోన్లో అమ్ములు ఒకటే ఏడుపు, మా స్కూల్‌కి సి గ్రేడ్ ఇచ్చారు తాతయ్యా మేమంతా మొద్దులమా అని. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయా, అందుకే కూర్చుని రాస్తున్నా.

మీ ఫ్లోరిడా వాళ్ళు 1999 నుంచీ స్కూళ్ళకి ఏ నుంచి ఎఫ్ దాకా గ్రేడ్లు ఇస్తున్నారు, అంటే మీకు మార్కులేసే టీచర్లకి కూడా మార్కులేసేవాళ్ళు ఉన్నారన్నమాట. తర్వాత 2002లో దేశం మొత్తానికీ ఒక చట్టం వచ్చింది, 2015లో దాన్ని మార్చారు, కానీ మూడు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఏటా ఇంగ్లీషు, లెక్కలు పరీక్ష పెట్టి ఫలితాలు జనానికి చూపించాలన్నది మాత్రం పోలేదు. అదీ గంపగుత్తగా కాదు, పేద పిల్లలు ఎలా చదువుతున్నారు, ఇంగ్లీషు కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఎలా ఉన్నారు అని విడివిడిగా. ఇది నాకు బాగా నచ్చింది, యావరేజ్ వెనకాల దాక్కోడం కుదరదు కదా.

ఇక మీ సి సంగతి. మీ పరీక్షలో 1 నుంచి 5 లెవెల్స్, 3 వస్తే పాస్. మీ క్లాసులో ఒకడు పోయినేడు 1లో ఉండి ఈ ఏడు 2కి వచ్చాడనుకోండి, ఎంతమంది పాసయ్యారన్న లెక్కలో వాడు సున్నానే. కానీ లెర్నింగ్ గెయిన్స్ అని, పోయినేటికన్నా ఎంతమంది ముందుకొచ్చారని చూసే ఇంకో లెక్క ఉంది, అందులో వాడు ఉంటాడు, పైగా అందరికన్నా వెనకున్న 25 శాతం పిల్లలు ఎంత ముందుకొచ్చారో మళ్ళీ విడిగా చూస్తారు, వాడు ఆ గుంపులో ఉంటే అక్కడా వాడే. వీడికి చదువు రాదులే అని మీరు నవ్వే పిల్లాడు మీ స్కూల్‌కి రెండు చోట్ల పాయింట్లు తెస్తున్నాడు!

కాలిఫోర్నియాలో మీ అత్త పిల్లల స్కూల్‌కైతే అసలు అక్షరమే లేదు, అన్నిటికన్నా కిందున్న ఎరుపు నుంచి పైనున్న నీలం దాకా ఐదు రంగులు, ఒక్కో విషయానికి ఒక్కో రంగు. పదో వంతు రోజులు డుమ్మా కొట్టినవాళ్ళు ఎంతమంది అన్నదానికీ రంగే (చిన్నూ, వింటున్నావా). అన్నీ కలిపి ఒక్క అక్షరం చేసేకంటే నాకు ఇదే నయం అనిపిస్తుంది, చదవడం కాస్త కష్టమే అనుకోండి. మీ నాన్న ఇల్లు కొనేటప్పుడు ‘ఏ’ గ్రేడ్ వచ్చిన స్కూల్ ఉన్న చోటే చూడరా అని వెంటపడింది నేనే, బుద్ధి తక్కువై.

నాన్నతో మీ స్కూల్ రిపోర్ట్ కార్డ్ ఓపెన్ చేయించండి, సి దగ్గరే ఆగిపోకుండా కిందకి జరిపి లెర్నింగ్ గెయిన్స్ పోయినేడు ఎంత, ఈ ఏడు ఎంత చూసి ఆదివారం నాకు చెప్పండి, కాగితం పెన్నూ పట్టుకుని కూర్చుంటా.

మీ తాతయ్య