కండోమ్‌లు పంచితే జైలు

స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన ఐపీసీ సెక్షన్ 377 అనగానే, పెద్దల మధ్య ఇష్టపూర్వక సంబంధాలు నేరం కాదన్న 2018 సెప్టెంబర్ 6 నాటి సుప్రీంకోర్టు తీర్పే గుర్తొస్తుంది. దానికి దారి వేసిన తొలి కేసులు మాత్రం ఎయిడ్స్ నివారణ పనిలో ఉన్నవాళ్లు వేసినవి.

1994లో తిహార్ జైల్లో ఖైదీలకు కండోమ్‌లు ఇద్దామంటే జైలు అధికారులు ససేమిరా అన్నారు. చట్టం నేరమన్న పనికి సర్కారే సరంజామా అందిస్తుందా అన్న వాదన లేచింది. ఎయిడ్స్ వివక్ష మీద పోరాడే ‘ఎయిడ్స్ భేద్‌భావ్ విరోధీ ఆందోళన్’ అనే సంస్థ 377ను కొట్టేయాలంటూ ఢిల్లీ హైకోర్టుకెక్కింది. ఆ పిటిషన్ ఏళ్ల తరబడి నానింది తప్ప ఫలితం లేదు.

అదే ఏడాది ముంబైలో గే హక్కుల కార్యకర్త అశోక్ రావ్ కవి బృందం హంసఫర్ ట్రస్ట్ పెట్టింది. పరీక్షలు, కౌన్సెలింగ్ కోసం తెరిచిన ఇలాంటి చోట్లే గే, బైసెక్సువల్ మగవాళ్లు భయం లేకుండా కూర్చుని మాట్లాడుకునే చోట్లయ్యాయి. సంఘంగా నిలబడే ధైర్యంలో ఎయిడ్స్ నిధుల వాటా తక్కువేం కాదు. చిక్కల్లా పెళ్లయి, పిల్లలుండి, తమను ‘గే’ అనుకోని వాళ్లతోనే. పార్కుల్లో, రైల్వే స్టేషన్ల దగ్గర వాళ్లను కలిసి కండోమ్ చేతిలో పెట్టాలంటే ఆ చోట్లు ఎరిగిన మనిషే వెళ్లాలి. 2003 తర్వాత గేట్స్ ఫౌండేషన్ వారి హెచ్‌ఐవీ నివారణ కార్యక్రమం ‘ఆవాహన్’ ఆంధ్రప్రదేశ్‌లోనూ ఈ దారినే పట్టింది.

అలా వెళ్లినవాళ్లకు ఏమవుతుందో 2001లో లక్నో చూపించింది. పోలీసులు ఎయిడ్స్ నివారణ సంస్థల ఆఫీసుల మీద పడి, సురక్షిత శృంగారం గురించి చెప్పే సామగ్రిని సాక్ష్యమంటూ పట్టుకెళ్లారు. నలుగురు కార్యకర్తలు 47 రోజులు జైల్లో ఉన్నారు.

ఆ ఏడాది చివర్లోనే ఎయిడ్స్ మీద పనిచేసే నాజ్ ఫౌండేషన్ 377 మీద ఢిల్లీ హైకోర్టులో కేసు వేసింది. 2006లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ దాఖలు చేసిన అఫిడవిట్ విచిత్రమైన సన్నివేశం సృష్టించింది. మగవాళ్లతో శృంగారంలో పాల్గొనే మగవాళ్లలో దాదాపు 8 శాతం మందికి హెచ్‌ఐవీ ఉందని, అరెస్టు భయంతో వాళ్లు సేవలకు దూరంగా ఉంటున్నారని ఆ సంస్థ చెబితే, అదే ప్రభుత్వంలోని హోం శాఖ చట్టం ఉండాల్సిందేనంది! 2009 జూలై 2న హైకోర్టు నాజ్ మాట నెగ్గించింది. 2013లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఆ తర్వాత ఐదేళ్లకు 2018 తీర్పు వచ్చింది.

ఆ తీర్పు వెలువడిన నాలుగు రోజులకే హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం అమల్లోకి వచ్చింది. దాని 22వ సెక్షన్‌లో ఓ ఉదాహరణ ఉంది: మగవాళ్లతో సంబంధాలున్న మగవాడికి ఎవరైనా కండోమ్‌లు, సురక్షిత శృంగార సమాచారం ఇస్తే, ఇచ్చినవాడి మీదా తీసుకున్నవాడి మీదా కేసు పెట్టకూడదు. లక్నోలో ఆ నలుగురూ చేసింది అదే పని.