గ్యాస్ తగ్గితే ఫీడ్ పెంచకండి: డైజెస్టర్ల గురించి అపోహలు, వాస్తవాలు

రాత్రి పదకొండు దాటాక నా ఫోను మోగితే అది ఏదో ఒక మురుగునీటి శుద్ధి కేంద్రం నుంచే అయి ఉంటుందని ఇంట్లోవాళ్లకు కూడా తెలుసు. కిందటి నెలలో ఒకసారి మోగింది. అవతల కొత్తగా చేరిన షిఫ్ట్ ఆపరేటర్. మురుగులోంచి తీసిన బురదను, అంటే స్లడ్జ్‌ను, గాలి చొరబడని ట్యాంకులో కుళ్లబెట్టి మీథేన్ గ్యాస్ తీసే డైజెస్టర్ అతని బాధ్యత. అందులోకి పంపే స్లడ్జే ఫీడ్. పక్కన ఎవరో వింటున్నట్టు గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. ‘‘సార్, మూడు రోజులుగా గ్యాస్ పడిపోతోంది. ఫీడ్ పెంచమన్నారు, పెంచాను. ఇంకా పడిపోయింది. మరికొంచెం పెంచమంటారా?’’

వద్దు నాయనా, ముందు పంపు ఆపు అన్నాను. ఆపితే నింద తన మీదికి వస్తుందేమోనని అతని భయం. ఆ భయం నాకు తెలుసు. ఒకప్పుడు నేనూ అదే కుర్చీలో కూర్చున్నవాణ్ణి. ఈ రంగంలో పుకార్లకు కొదవ లేదు, చాలావాటిని విని ఊరుకోవచ్చు. ఈ ఒక్కదాని దగ్గర మాత్రం నాకు ఓపిక నశించింది.

అపోహ: ఎంత ఎక్కువ వేస్తే అంత ఎక్కువ గ్యాస్

పొయ్యిలో కట్టె ఎగదోస్తే మంట లేస్తుంది కదా అన్న లెక్క ఇది. డైజెస్టర్‌ను పశువు కడుపుతో పోల్చుకుంటే ఇంత నష్టం జరగదు. గడ్డికి అలవాటుపడ్డ ఆవుకు ఒక్కపూట గంపెడు ధాన్యం పెట్టి చూడండి. పొట్టలో ఆమ్లం పేరుకుని, మేత మానేసి పడుకుంటుంది. సూక్ష్మజీవుల స్థాయిలో రెండుచోట్లా జరిగేది దాదాపు ఒకటే.

లోపల ముఖ్యంగా రెండు జట్లు పనిచేస్తుంటాయి. మొదటిది స్లడ్జ్‌ను విరగ్గొట్టి అసిటిక్, ప్రొపియోనిక్ వంటి ఆమ్లాలుగా మారుస్తుంది. రెండోది ఆ ఆమ్లాలను తిని మీథేన్ ఇస్తుంది. మొదటి జట్టు గంటల్లో రెట్టింపవుతుంది. రెండోదానికి రోజులు పడుతుంది. అవి బ్యాక్టీరియా కూడా కావు, ఆర్కియా అనే వేరే తెగ. ఆక్సిజన్ గిట్టదు, వేడి హఠాత్తుగా మారితే గిట్టదు, పీహెచ్ 6.8కీ 7.4కీ మధ్య లేకపోతే పని మందగిస్తుంది. మామూలు రోజుల్లో ఒకరు వండింది మరొకరు తింటూ సంసారం సాగిపోతుంది. ఫీడ్ ఒక్కసారిగా రెట్టింపు చేశారంటే వండేవారు వెంటనే జోరందుకుంటారు, తినేవారేమో అంతమందే. మిగిలినదంతా ఆమ్లంగా పేరుకుపోతుంది.

అసలు మోసం ఆ తర్వాత జరుగుతుంది. ఆమ్లం పేరుకోవడం మొదలైన తొలి రెండు మూడు రోజులు గ్యాస్ మీటర్ పెరుగుతుంది. నిజంగానే పెరుగుతుంది. స్లడ్జ్‌లోని బైకార్బొనేట్ ఆమ్లంతో కలిసి కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. ఆమ్లాలు తయారయ్యేటప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్ దానికి తోడవుతుంది. మీథేనో మరొకటో మీటర్‌కు తెలియదు, వచ్చిన ఘనపు మీటర్లు లెక్కపెట్టడమే దాని పని. ‘చూశారా, పెంచితే పెరిగింది’ అంటారు పైవాళ్లు. పీహెచ్ కూడా అప్పటికి చెక్కుచెదరదు, ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే శక్తి) ఉన్నంతసేపు దెబ్బలన్నీ అదే కాచుకుంటుంది కాబట్టి. పీహెచ్ కదిలిందంటే ఆ కాపలా అప్పటికే ఖర్చైపోయిందని అర్థం.

నాకు ఇది ఒంటబట్టింది ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది. నూనె, కొవ్వు వ్యర్థాలు కలిపితే గ్యాస్ దండిగా వస్తుందని పరిశోధనలు చెబుతాయి. అందులో అబద్ధం లేదు, కాకపోతే కొద్దికొద్దిగా, వారాల తరబడి అలవాటు చేస్తూ కలపాలి. మేము వారాంతంలో రెండు ట్యాంకర్లు ఒకేసారి దించాం. సోమవారానికి మీటర్ మూడో వంతు పెరిగింది. దాని పక్కన నిలబడి ఫొటో దిగాం, అందులో నేనూ నవ్వుతూ ఉన్నాను. బుధవారం శాంపిల్ కుళాయి తిప్పాను. ఆరోగ్యంగా ఉన్న స్లడ్జ్ నల్లగా, తారు వాసనతో ఉంటుంది. ఆ రోజు సీసాలోకి దిగింది బూడిద రంగులో ఉంది. ముక్కు దగ్గర పెడితే ముక్కిపోయిన వెన్న వాసన. అయినా పీహెచ్ 7.1 చూపించింది కదా అని రిజిస్టర్‌లో ‘సాధారణం’ అని రాసి సంతకం పెట్టాను. శుక్రవారం ఫ్లేర్ (మిగులు గ్యాస్‌ను కాల్చే గొట్టం) మీద మంట నిలవలేదు, పైకి ఎగిరి ఆరిపోతోంది. కొలిస్తే మీథేన్ 44 శాతం. ఆ డైజెస్టర్ మళ్లీ దారికి రావడానికి ఏడు వారాలు పట్టింది. ఆ ఫొటో ఇప్పటికీ నా దగ్గరుంది, ఎవరికీ చూపించను.

కాబట్టి మీటర్‌ను పక్కన పెట్టి రెండు అంకెలు చూడండి. మొదటిది ఆమ్లాలకూ ఆల్కలినిటీకీ ఉన్న నిష్పత్తి. 0.3 లోపు ఉంటే హాయిగా నిద్రపోవచ్చు. 0.4 వైపు నడుస్తుంటే ఫీడ్ తగ్గించాలి, పీహెచ్ ఎంత బాగున్నా సరే. 0.8 దాకా వస్తే పీహెచ్ కూలుతుంది. పరీక్షకు ఒక బ్యూరెట్, కొంచెం సల్ఫ్యూరిక్ ఆమ్లం చాలు. రెండోది గ్యాస్‌లో మీథేన్ శాతం. మున్సిపల్ స్లడ్జ్‌కు మామూలుగా 60 నుంచి 65 ఉంటుంది. మీటర్ పెరుగుతూ ఈ శాతం దిగుతుంటే పండగ చేసుకోవలసిన సమయం కాదది.

ఇప్పటికే పులిసిపోతే ఫీడ్ ఆపండి. కలియబెట్టడం మాత్రం ఆపవద్దు, 35-37 డిగ్రీల వేడి చెదరనివ్వవద్దు. పక్కన మంచి డైజెస్టర్ ఉంటే దాని స్లడ్జ్ ట్యాంకర్లకొద్దీ తెచ్చి పోయండి. ‘ప్రత్యేక బ్యాక్టీరియా పొడి’ గురించి నన్ను అడగకండి. ఒక్క మిల్లీలీటరు స్లడ్జ్‌లోనే కోట్ల జీవులుంటాయి, వేల ఘనపు మీటర్ల ట్యాంకులో గుప్పెడు పొడి ఏ మూలకు?

సున్నం సంగతి కాస్త ఆగి చెప్పాలి, కంగారుపడిన ప్రతివాడి చేయీ ముందు ఆ బస్తా మీదికే పోతుంది కాబట్టి. కొద్దిగా వేస్తే పరవాలేదు. పీహెచ్ 6.7 దగ్గరికి వచ్చాక ఇంకా పోస్తూ ఉంటే సున్నం కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుని సుద్దలా అడుగుకు దిగుతుంది. పీహెచ్ పెద్దగా లేవదు. పైన గ్యాస్ చోటులో ఉన్న కార్బన్ డయాక్సైడ్ కూడా లోపలికి కరిగిపోయి పీడనం పడిపోతుంది. కప్పు లోపలికి గుంజుకుంటుంది, లేదా వాక్యూమ్ వాల్వ్ తెరుచుకుని గాలి చొరబడుతుంది. మీథేన్ ఉన్న చోటికి గాలి రావడం ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. సోడియం బైకార్బొనేట్‌ను కొలిచి, విడతలుగా వేయడం మేలు.

ఆ ఆపరేటర్ పది రోజులు ఓపిక పట్టాడు. నిష్పత్తి 0.3 లోపుకు దిగాక పాత ఫీడ్‌లో పావు వంతుతో మళ్లీ మొదలుపెట్టాడు. పైవాళ్లకు చూపించడానికి రోజువారీ అంకెలు ఒక కాగితం మీద గీసి పెట్టుకోమన్నాను. ఆ గీతే అతణ్ణి కాపాడింది.

మిగిలినవి గబగబా.

ఊళ్లోని మురుగుతో ఊరంతటికీ కరెంటు ఇవ్వవచ్చు అంటారు. లెక్క చూడండి. ఘనపు మీటరు మురుగునీటిలో సీఓడీ (సేంద్రియ పదార్థం ఎంతుందో ఆక్సిజన్ లెక్కలో చెప్పే కొలత) సుమారు అర కిలో. కిలో సీఓడీ పూర్తిగా మారితే వచ్చే మీథేన్ 0.35 ఘనపు మీటర్లు, అంటే అర కిలోకు 0.175. అందులో సగం సీఓడీ కూడా డైజెస్టర్ దాకా వచ్చి జీర్ణం కాదు. వచ్చిన గ్యాస్ శక్తిలో ఇంజన్ కరెంటుగా మార్చేది 35-40 శాతమే. చివరికి చేతిలో పడేది 0.2 యూనిట్ చిల్లర. అదే నీటిని ఏరేషన్‌తో, అంటే గాలి ఊది, శుద్ధి చేయడానికి 0.3 నుంచి 0.6 యూనిట్ కావాలి. సొంత ఖర్చులో సగం రాబట్టుకున్న కేంద్రం బాగా నడుస్తున్నట్టే. ఆస్ట్రియాలోని స్ట్రాస్, డెన్మార్క్‌లోని మార్సెలిస్‌బోర్గ్ వంటివి వాడుకున్నదానికంటే ఎక్కువే తీస్తున్నాయి. ఏళ్ల తరబడి ఏరేషన్‌లో చుక్క చుక్క ఆదా చేసుకుంటూ వస్తే అది సాధ్యపడింది.

డైజెస్టర్‌లోంచి వచ్చిన స్లడ్జ్ పూర్తిగా నిరపాయకరం అన్నదీ తప్పే. 35 డిగ్రీల దగ్గర రోగక్రిములు తగ్గుతాయి, అంతరించవు. నులిపురుగుల గుడ్లు మహా మొండివి. భార లోహాలైతే ఎక్కడికీ పోవు.

బీఎంపీ పరీక్ష (ఒక పదార్థం నుంచి ఎంత మీథేన్ రాగలదో సీసాల్లో తేల్చేది) చేసే విద్యార్థులకు ఒక మాట. సీసాల్లో వచ్చిన దిగుబడి సిద్ధాంత విలువను దాటితే కొత్త విషయం కనుక్కున్నామని పొంగిపోకండి, బ్లాంక్‌ను, అంటే పరీక్ష పదార్థం లేకుండా ఇనాక్యులం (జీవులను అందించే స్లడ్జ్) మాత్రమే ఉన్న సీసా గ్యాస్‌ను, లెక్కలోంచి తీసేశారో లేదో చూసుకోండి. పక్కన సెల్యులోజ్ సీసా పెట్టండి. గ్రాముకు సిద్ధాంతరీత్యా 415 మిల్లీలీటర్ల మీథేన్ రావాలి, 350కి అటూఇటూ వస్తే మీ ఇనాక్యులం బాగున్నట్టు. రాకపోతే మిగతా సీసాల అంకెలు ఎంత అందంగా ఉన్నా నమ్మవద్దు. నెల రోజుల శ్రమ పోయిందని కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లను చూశాను. మీ ఒక్కరికే కాదు, మొదటి విడత సీసాలు చాలామందికి పోతాయి.

కేంద్రం ప్రహరీ పక్కనే ఇల్లున్న ఒకావిడ నన్ను ఆపి అడిగింది: ‘‘అయ్యా, చిన్నపిల్లలున్న ఇల్లు. అది రాత్రిపూట పేలిపోదు కదా?’’ నవ్వే ప్రశ్న కాదు. మీథేన్ అంటుకోవాలంటే గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉండాలి. నడుస్తున్న డైజెస్టర్ లోపల ఆక్సిజనే ఉండదు. గ్యాస్ పీడనం కూడా స్వల్పం, నీటి ఎత్తులో చెప్పాలంటే జానెడు. ప్రమాదం ఎక్కువగా శుభ్రం చేయడానికి దాన్ని ఖాళీ చేసే రోజుల్లో, గాలీ గ్యాసూ కలిసే వేళ ఉంటుంది. ఆ జాగ్రత్త మేము పడవలసినది, నిద్ర చెడగొట్టుకోవలసినది ఆమె కాదు. ఆమెకు వస్తున్న కంపు కూడా మూసిన డైజెస్టర్ నుంచి రావడం లేదు, నీరు వచ్చి పడే చోటు నుంచీ తెరిచి ఉన్న థిక్కెనర్ (స్లడ్జ్‌ను చిక్కబరిచే తొట్టి) నుంచీ వస్తోంది. దాని మీద మూత వేయమని ఆమె నిలదీస్తే న్యాయమే.

ఇక ‘వాసన పోయింది కాబట్టి గ్యాస్ పోయింది’ అనే మాట. దీని మీద వాదన పెట్టుకోను. హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉన్నప్పుడే కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది. 100 పీపీఎం దాటాక కొద్ది నిమిషాల్లో ముక్కు మొద్దుబారుతుంది. 1000 దరిదాపుల్లో ఒకటి రెండు ఊపిరులకే మనిషి కుప్పకూలతాడు. గాలికంటే బరువు కాబట్టి గుంతల్లో, వెట్‌వెల్స్‌లో (మురుగు చేరే పంపు బావుల్లో) అడుగున కాచుకుని ఉంటుంది. ఒకడు పడిపోతే రెండోవాడు ఆత్రంగా దిగుతాడు, అలాగే రెండో ప్రాణం పోతుంది. మూత తీయగానే డిటెక్టర్‌ను తాడుతో అడుగుదాకా దించండి. ప్రమాదం లేదని అంకె చూపించేదాకా, ఎవరు ఎంత అరిచినా, నిచ్చెన మీద కాలు పెట్టకండి.