యాభై ఒక్క ఓట్లు చాలని సభ

అమెరికాలో గ్రీన్‌కార్డు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న తెలుగు కుటుంబాల్లో 2019 జూలై 10వ తేదీని గుర్తుపెట్టుకున్నవారు చాలామందే ఉంటారు. ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికీ 7 శాతానికి మించి దక్కకూడదన్న పరిమితిని ఎత్తివేసే బిల్లును ఆ రోజు అమెరికా కాంగ్రెస్ (పార్లమెంటు)లో దిగువ సభ అయిన ప్రతినిధుల సభ 365–65 ఓట్లతో ఆమోదించింది. రెండు పార్టీలవారూ కలిసి అంత మెజారిటీ కట్టబెట్టిన బిల్లు, ఎగువ సభ అయిన సెనేట్ గడప తొక్కాక దాదాపు ఏడాదిన్నర నలిగింది. దాన్ని ఏకగ్రీవ సమ్మతితో గట్టెక్కించాలని ప్రయత్నించినప్పుడల్లా ఎవరో ఒక సభ్యుడు లేచి అభ్యంతరం చెప్పేవారు, వ్యవహారం అక్కడికి ఆగిపోయేది. చివరకు 2020 డిసెంబర్ 2న సెనేట్ తన మార్పులతో ఆమోదించింది గానీ, రెండు సభల బిల్లులూ ఒక్కటయ్యేలోపే ఆ కాంగ్రెస్ రెండేళ్ల గడువు తీరి బిల్లు మురిగిపోయింది.

వంద మంది ఉన్న సభలో ఒక్కరు కాదంటే పని ఎందుకు ఆగాలి? ఆ ఒక్కరిని కాదని ముందుకు వెళ్లాలంటే రోజుల తరబడి సభా సమయం కేటాయించుకుని, చర్చను ముగించడానికి 60 మంది మద్దతు కూడగట్టుకోవాలి. వంద బిల్లులు వరుసలో ఉన్నప్పుడు ఒక్కదానికోసం అంత సమయం వెచ్చించడానికి సభా నాయకులు సాధారణంగా సిద్ధపడరు. చర్చను సాగదీసి బిల్లును అడ్డుకునే ఈ పద్ధతికి ఫిలిబస్టర్ అని పేరు. సముద్రపు దొంగలకు వాడిన స్పానిష్ మాట నుంచి అది వచ్చింది.

ఈ 60 అన్న అంకె అమెరికా రాజ్యాంగంలో ఎక్కడా లేదు. ఒప్పందాలను ఆమోదించడానికి, అభిశంసనలో దోషిగా తేల్చడానికి, అధ్యక్షుడి వీటోను తోసిరాజనడానికి, మరికొన్ని సందర్భాలకు మాత్రమే మూడింట రెండు వంతుల మెజారిటీ కావాలని 1787లో రాజ్యాంగ నిర్మాతలు రాసుకున్నారు. 13 రాష్ట్రాల్లో తొమ్మిది ఒప్పుకుంటే తప్ప ముఖ్యమైన నిర్ణయమేదీ కదలని పాత సమాఖ్య అనుభవం వారికి అప్పటికింకా పచ్చిగానే ఉంది. కొద్దిమందికి అడ్డుకునే అధికారమిస్తే ప్రభుత్వం నడవదని ఆ నిర్మాతల్లో ఒకరైన అలెగ్జాండర్ హామిల్టన్ అదే ఏడాది తన వ్యాసాల్లో గట్టిగా వాదించారు కూడా.

మరి ఇది ఎలా వచ్చిపడింది? చర్చను ముగించి ఓటింగుకు వెళ్దామనే తీర్మానం తొలినాళ్లలో రెండు సభల్లోనూ ఉండేది. 1805లో పదవి నుంచి దిగిపోతూ ఉపాధ్యక్షుడు ఆరన్ బర్, పెద్దగా వాడకంలో లేని నిబంధనలను తొలగించి నియమావళిని సరళం చేసుకొమ్మని సెనేట్‌కు సలహా ఇచ్చారు. మరుసటి ఏడాది చేసిన సవరణలో ఆ తీర్మానం ఎగిరిపోయింది. సభలో తక్కువ సంఖ్యలో ఉన్నవారి హక్కుల కోసమని అప్పట్లో ఎవరూ వాదించలేదు. దులుపులో పోయిన ఆ చిన్న నిబంధనే తర్వాతి రెండు శతాబ్దాల రాజకీయాన్ని మలిచింది. దాని ఫలితంగా చర్చను సాగదీసి అడ్డుకోవడం 1837 నుంచి కనబడసాగింది.

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో వాణిజ్య నౌకలకు ఆయుధాలిచ్చే బిల్లును కొద్దిమంది అడ్డుకున్నప్పుడు అధ్యక్షుడు విల్సన్ మండిపడ్డారు. దాంతో 1917 మార్చిలో సెనేట్ 22వ నిబంధనను తెచ్చి, మూడింట రెండు వంతుల మంది కోరితే చర్చను ముగించవచ్చని తేల్చింది. దీన్నే క్లోచర్ అంటారు.

ఆ తర్వాతి యాభై ఏళ్లలో ఈ ఆయుధాన్ని ఎవరు, ఎవరి మీద వాడారన్నది చూడకుండా దాని మంచిచెడ్డలు మాట్లాడటం న్యాయం కాదు. నల్లజాతివారిని మూకలు కొట్టి చంపడాన్ని ఫెడరల్ నేరంగా ప్రకటించే బిల్లు 1922 జనవరిలో ప్రతినిధుల సభలో నెగ్గినా, దక్షిణాది సెనేటర్లు దాన్ని అడ్డుకుని చంపేశారు. అటువంటి చట్టం చివరకు వచ్చింది 2022 మార్చిలో. 1957లో పౌరహక్కుల బిల్లు మీద స్ట్రామ్ థర్మండ్ 24 గంటల 18 నిమిషాలు ఏకబిగిన మాట్లాడారు. సమయం గడవడానికి ఆయన అప్పటి 48 రాష్ట్రాల ఎన్నికల చట్టాలను చదువుతూ పోయారు.

1964 నాటి పౌరహక్కుల చట్టాన్నయితే 60 పనిదినాలు నిలిపివేశారు. జూన్ 10న క్లోచర్ మీద ఓటింగు జరిగిన రోజున కాలిఫోర్నియా సెనేటర్ క్లెయిర్ ఎంగిల్‌ను చక్రాల కుర్చీలో సభలోకి తీసుకొచ్చారు. మెదడులో కణితి ఆయన నోటి మాటను లాగేసుకుంది. పేరు పిలిచినప్పుడు ఆయన చెయ్యి మెల్లగా పైకెత్తి తన కంటిని చూపించారు. ఇంగ్లిషులో కంటికీ, ‘అవును’ అని ఓటు చెప్పే మాటకూ ఉచ్చారణ ఒకటే. 71–29తో చర్చ ముగిసింది. ఆ 71 మందిలో 44 మంది డెమొక్రాట్లు, 27 మంది రిపబ్లికన్లు. ఆ వేసవి ముగియకముందే ఎంగిల్ కన్నుమూశారు.

అప్పటివరకు అడ్డుకునేవారు కనీసం కాళ్లమీద నిలబడాల్సి వచ్చేది, వారిని దేశం చూసేది. ఒక బిల్లు ఆగినా మిగతా పనులు సాగాలని 1970లలో సెనేట్ సమాంతర మార్గం ఏర్పరచుకున్నాక ఆ అవసరం తీరిపోయింది. 1975లో అవసరమైన ఓట్లను మొత్తం సభ్యుల్లో అయిదింట మూడు వంతులకు, అంటే 60కి తగ్గించారు. కానీ శ్రమ లేకుండా అడ్డుకునే వీలు దొరికాక, అరుదుగా వాడే ఆయుధం నిత్యకృత్యమైంది. 1970కి ముందు క్లోచర్ ఓటింగు సగటున ఏడాదికి ఒకటికి మించలేదు. 2019–20 కాంగ్రెస్‌లో మూడు వందలకు పైగా క్లోచర్ తీర్మానాలు దాఖలయ్యాయి. సెనేట్ ఆమోదం కావలసిన అధ్యక్షుడి నియామకాల విషయంలో మాత్రం 2013లో డెమొక్రాట్లు, 2017లో సుప్రీంకోర్టు న్యాయమూర్తుల వరకు రిపబ్లికన్లు ఈ 60 ఓట్ల గోడను కూల్చేశారు.

చట్టాల విషయంలో గోడ అలాగే ఉంది. ఇది లేకపోతే సభలో బలం మారినప్పుడల్లా చట్టాలు తారుమారవుతాయని సమర్థకులు అంటారు. ఆ భయం నిరాధారమైనది కాదు. అయితే వ్యోమింగ్‌కు దాదాపు 5.8 లక్షల జనాభాకు ఇద్దరు, కాలిఫోర్నియాకు 3.95 కోట్లకు ఇద్దరు సెనేటర్లు ఉన్న సభ, చిన్న రాష్ట్రాలకు రక్షణ ముందే కల్పించింది. దాని మీద 60 ఓట్ల షరతు కూడా చేరాక, లెక్కప్రకారం దేశ జనాభాలో ఎనిమిదో వంతు కూడా లేని రాష్ట్రాల సెనేటర్లు కలిస్తే ఏ బిల్లునైనా నిలిపేయగలరు. అడ్డుకునేవారు లేచి నిలబడి కారణం చెప్పాలన్న పాత నియమమైనా తిరిగి రావాలని నేను కోరుకుంటాను.

దీన్ని దాటడానికి మిగిలిన ప్రధాన దారి బడ్జెట్ రికన్సిలియేషన్. 1974 చట్టం ప్రకారం ఆదాయ వ్యయాలకు సంబంధించిన అంశాలను మామూలు మెజారిటీతో ఆమోదించుకోవచ్చు. ఏది బడ్జెట్‌కు సంబంధించినది, ఏది కాదు అన్నదానిపై సలహా ఇచ్చేది సెనేట్ పార్లమెంటేరియన్ అనే అధికారి. పత్రాలు లేని వలసదారుల్లో లక్షలమందికి పౌరసత్వ మార్గం చూపే ప్రతిపాదన ఆ దారిలో వెళ్లదని 2021 సెప్టెంబర్‌లో ఆ అధికారి తేల్చారు. ఏటా ప్రభుత్వ ఖర్చులకిచ్చే మామూలు అనుమతి బిల్లులకూ ఆ దారి లేదు. ఖర్చుల బిల్లుకు 60 ఓట్లు దొరక్క 2025 అక్టోబర్ 1న మూతపడిన ఫెడరల్ ప్రభుత్వం 43 రోజులకు గానీ తెరుచుకోలేదు. అప్పుడు రిపబ్లికన్లకు సెనేట్‌లో 53 సీట్లున్నాయి.