కేబీఆర్ అంటే వాకింగ్ ట్రాకేనా?

తెలంగాణలో జాతీయ పార్కులు ఎక్కడున్నాయని అడిగితే కుర్రకారు నోట టక్కున వచ్చేవి అమ్రాబాద్, కవ్వాల్. అవి టైగర్ రిజర్వులు, జాతీయ పార్కులు కావు. రాష్ట్రంలో ఉన్న మూడు జాతీయ పార్కులూ హైదరాబాద్‌లోనో, దాన్ని ఆనుకునో ఉన్నాయి: వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి, చిలుకూరు వైపు మృగవని, నట్టనడి ఊళ్లో కేబీఆర్. సిటీ బస్సెక్కితే చాలు. అయినా మనవాళ్లకు కేబీఆర్ అంటే వాకింగ్ ట్రాక్, లేదంటే ట్రాఫిక్ సిగ్నల్.

తప్పంతా పిల్లల మీద వేయలేం. ఆ పార్కు పుట్టుకే అలాంటిది. నిజాం మనవడు ముకర్రం జాకు చెందిన చిరాన్ ప్యాలెస్ చుట్టూ ఉన్న ఎస్టేట్ అది, మామూలు జనం అడుగు పెట్టే చోటు కాదు, అందుకే బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ మొత్తం బంగళాలతో నిండిపోయినా ఇక్కడ మాత్రం బండరాళ్లు, ముళ్లపొదలు, నెమళ్లు మిగిలాయి. 1998లో మాజీ ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి పేరుతో జాతీయ పార్కుగా ప్రకటించారు. ఒకటిన్నర చదరపు కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉండే ఈ ముక్కకి, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం లెక్కలో, కజిరంగాకున్న హోదానే ఉంది. రోజూ ఓ రౌండ్ కొట్టి ఇంటికెళ్లే అలవాటులో ఈ సంగతి ఎవరికీ పట్టలేదు.

పట్టింది 2016లో. పార్కు చుట్టూ ఉన్న జంక్షన్లలో ఫ్లైఓవర్ల కోసం వెయ్యికి పైగా చెట్లు తీసేస్తారనేసరికి వాకర్లు, కుర్రాళ్లు రోడ్డెక్కారు, గ్రీన్ ట్రైబ్యునల్ స్టే ఇచ్చింది. ఎకో సెన్సిటివ్ జోన్ (పార్కు కంచె బయట కట్టడాలకు, పనులకు హద్దులు పెట్టే పట్టీ) అన్న మాట చాలామంది అప్పుడే మొదటిసారి విన్నారు. అసలు మెలిక అక్కడే ఉంది: చట్టం గట్టి రక్షణ కంచె లోపలికే, బయటి చెట్లకు దిక్కు ఆ జోనే. 2020లో కేంద్రం దాన్ని ఖరారు చేసినప్పుడు, దాని వెడల్పు ఎక్కువలో ఎక్కువ 30 మీటర్ల లోపు, కొన్ని చోట్ల 3 మీటర్లు. మూడు మీటర్లంటే ఓ కారు పొడవు కూడా కాదు!

2025లో హైదరాబాద్ యూనివర్సిటీ పక్కనున్న కంచ గచ్చిబౌలిలో చెట్లు కొట్టేయడానికి బుల్డోజర్లు దిగితే విద్యార్థులు అడ్డం నిలబడ్డారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. ఆ 400 ఎకరాలకు జాతీయ పార్కు హోదా ఏమీ లేదు. మరి హోదా ఉన్న కేబీఆర్ చుట్టూ హెచ్-సిటీ అనే రోడ్ల అభివృద్ధి పథకం పేరుతో ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌ల ప్లాన్ మళ్లీ వచ్చింది, గచ్చిబౌలి రీల్స్ షేర్ చేసినవాళ్లలో ఎంతమందికి ఇది తెలుసో నాకైతే అనుమానమే.